కూర్చున్నకాడే తొవ్వ

పాటా, నీకు దండం.

పటం చదవరానివాళ్లకు పటమై నిలిచినదానా! హద్దురాళ్లు పాతకముందే పొలిమేరలను గొంతుల్లో పాతినదానా! బడి గడప తొక్కని అవ్వల చేత కొండలనూ కోనలనూ వరస తప్పకుండా అప్పజెప్పించినదానా! పల్లిచేన్లూ పత్తిచేన్లూ దాటి చూపు పోయి నల్లమల గుట్టలకు తగిలే అచ్చంపేటలో నిలబడి నిన్ను పిలుస్తున్నాను. ఇక్కడి నుంచి నువ్వు ఎటైనా పోగలవు. ఉత్తరాన హైదరాబాదు, దక్షిణాన శ్రీశైలం, నడుమ పులి.

ఈ ఊరి బస్టాండులోనే నీ మొదటి గొంతు వినబడుతుంది. పట్నం బస్సు కదిలే ముందు కండక్టరు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఊళ్ల పేర్లు ఎత్తుకుంటాడు. డిండి, వంగూరు గేటు, కల్వకుర్తి, వెల్దండ, ఆమనగల్లు, కడ్తాల్, తుక్కుగూడ. అన్నీ ఒక్క ఊపిరిలో. చిన్న ఊళ్లను పొట్టిగా కొట్టి, పెద్ద ఊళ్ల దగ్గర సాగదీసి, ఆఖరి పేరును పైకెత్తి వదిలేస్తాడు. శ్రీశైలం బస్సుకు వరస వేరు. మన్ననూరు, ఫరహాబాదు, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. దోమలూ ఈగలూ వచ్చేసరికి కొత్తగా విన్న పిల్లలు కిసుక్కుమంటారు. జిల్లా సరిహద్దులు చెప్పలేక గోడకుర్చీ వేసిన పిల్లవాడు కూడా ఈ రెండు వరసలూ తడుముకోకుండా చెబుతాడు. ఊరి వెనక ఊరు వస్తుందని, ఒకటి జారితే తర్వాతిది దొరకదని వాడికి నువ్వే నేర్పావు.

ఆసుపత్రుల వాళ్లు నీకు ఆలస్యంగా పీట వేశారు. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిని తిరిగొచ్చిన సైనికుల వార్డుల్లో అమెరికా డాక్టర్లు నీ పనితనం చూశారు. 1944లో మిషిగన్‌లో దానికొక డిగ్రీ చదువు పెట్టారు. 1950లో సంఘం కట్టుకున్నారు. మ్యూజిక్ థెరపీ అన్నారు. మనం సంగీత చికిత్స అంటున్నాం. అంతకుముందు నువ్వు ఖాళీగా ఏమీ లేవు. నాట్లలో వంగిన నడుముల మీద, పురిటి మంచం పక్కన, శవం తల దగ్గర కూలి లేకుండా పనిచేస్తూనే ఉన్నావు.

ఆ చికిత్సలో ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం. ఎటూ కదలలేని వాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో పటం పరుస్తారు. ఇవాళ ఎక్కడికి పోదామంటే ఎవరో ఒక పేరు చెబుతారు. ఆ దారి పాట, దారిలో తగిలే ఏటి పాట, ఆ ఊరి పాట ఒకటొకటిగా అందుకుంటారు. తొడల మీద అరచేతులు పడితే రైలు కదులుతుంది. గింజలు పోసిన డొల్ల ఊపితే వాన మొదలవుతుంది. నడుమ నడుమ ఆగి, అక్కడ ఏం తిన్నారు, ఎవరు తోడున్నారు, ఏం చూసి జడుసుకున్నారు అని అడుగుతారు. ఒక్కొక్కరే చెబుతారు. గంటకల్లా అందరూ ఇల్లు చేరతారు. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం ఎవరూ కుర్చీలోంచి లేచినట్టే ఉండదు.

ఎందుకు పనిచేస్తుందో కొంత తెలుసు. మతిమరుపు ముదిరి కన్నకొడుకు పేరు జారిపోయిన తల్లి కూడా పడుచుతనంలో పాడిన పాటను చరణాలతో సహా అందుకుంటుంది. ఆ జబ్బు ముందుగా తినే చోట్లకు కాస్త ఎడంగా మెదడు నిన్ను దాచుకుంటుందట. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి నీళ్లడగలేడు, వాగు మీది పాట మాత్రం పాడతాడు. ఆ సంగతే పట్టుకుని 1973లో బోస్టన్ వైద్యులు మాటను రాగంలో పెట్టి, తర్వాత రాగాన్ని మెల్లమెల్లగా తీసేసి మాటను మిగిల్చే దారి కనిపెట్టారు. ఇంతవరకు నమ్ముతాను. ఫలానా రాగం వింటే షుగరు దిగుతుందని వాట్సాపులో తిరిగే వైద్యం నాకు పట్టదు. లేని గొప్ప అంటగడితే నీకే చిన్నతనం.

అచ్చంపేటలో అటువంటి గుండ్రం ఒకటి వేద్దాం, పాటా. నువ్వు రా, మిగతావాళ్లను నేను పిలుచుకొస్తాను.

వేపచెట్టు కింద చాపలు పరుద్దాం. మోకాళ్లు వంగనివాళ్లకు ప్లాస్టిక్ కుర్చీలు. వరసలు వద్దు, వరసలో కూర్చోబెడితే మీటింగు అనుకుంటారు. అప్పాపూర్ పెంట వైపు నుంచి చూపు మందగించిన ఒక చెంచు తాత రావాలి. తాండా నుంచి పొద్దున ఏం తిన్నదో గుర్తులేని ఒక లంబాడీ అవ్వ రావాలి. బొంబాయిలో ఏళ్ల తరబడి కంకర మోసి నడుము పోగొట్టుకుని వచ్చిన చిన్నాయన రావాలి. కృష్ణ కింద మునిగిన ఊరి నుంచి ఒక పెద్దవ్వ, మాట పడిపోయిన ఒక సోషల్ సారు, ఎవరి కళ్లలోకీ చూడని ఒక పదేళ్ల పిల్లవాడు రావాలి. సామాను ఎక్కువ అక్కర్లేదు. ఒక డప్పు, ఒక జత తాళాలు, ఎండిన సొరబుర్రలో కందిగింజలు పోసి మూతి బిగించిన గిలక. స్పీకరు వద్దు, సెల్లులో రికార్డు వద్దు. యంత్రం ఎవరి కోసమూ ఆగదు. తాత ఊపిరి తీసుకునేదాకా ఆగి, అతను అందుకున్నాక కదిలే గొంతే కావాలి.

ఎటు పోదామని నోరు తెరవకముందే తాత అంటాడు, "సలేశ్వరం."

కాదనేదెవరు! చైత్ర పున్నమికి నల్లమల తలుపు తీసే జాతర అది. ఏడాదిలో ఆ కొద్ది రోజులే అడవి శాఖ వాళ్లు దారి వదులుతారు. ఫరహాబాదు దగ్గర లోపలికి తిరిగి, రాళ్లబాటలో బండి ఎగిరెగిరి పడుతూ పోయినంత దూరం పోతే, ఆపైన కాళ్లే. లింగాల వైపు నుంచి వచ్చేవాళ్లకు కాలినడక ఇంకా ఎక్కువ. గుట్ట దిగాలి, గుట్ట ఎక్కాలి, మళ్లీ దిగాలి. పోనుపోను లోయ ఇరుకవుతుంది. ఒక భుజానికి బండ ఒరుసుకుంటుంది, రెండో పక్క ఏమీ ఉండదు. మనిషి వెనక మనిషి, మనిషి వెనక మనిషి. అంతా దిగాక తల వెనక్కి వాల్చి చూస్తే కొండ నెత్తి నుంచి నీళ్లు జారుతుంటాయి. పక్కన గుహలో లింగమయ్య.

ఆ దారి పొడుగునా ఒకే కేక. పోయేవాళ్లు వస్తున్నామని లింగమయ్యకు చెప్పుకుంటారు. తిరిగేవాళ్లు పోయొస్తామని చెప్పుకుంటారు. ఇరుకు బాటలో ఆ రెండు కేకలూ ఎదురెదురుగా వచ్చి, ఒకదాని భుజం ఒకటి తాకి దాటుకుంటాయి. ముందున్నవాడు ఎత్తుకుంటాడు, వెనకవాళ్లు అందుకుంటారు. ఎత్తుకునే మాటకు ఒక అడుగు, అందుకునే మాటకు ఒక అడుగు. ఆయాసపడేవాడు ఎత్తుకోవడం మానేస్తాడు గానీ అందుకోవడం మానడు. మానితే కాలు ఆగిపోతుందని వాడికి తెలుసు. పిల్లను సంకనేసుకున్న తల్లీ, కర్ర పట్టిన ముసలాయనా, చెప్పు తెగిన పట్నం పిలగాడూ కాసేపట్లో ఒకే నడకలో పడతారు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. 1990లలో మైకేల్ థౌట్ అనే పరిశోధకుడు, పార్కిన్సన్ జబ్బుతో అడుగు కురచబడినవాళ్లకు తాళం వినిపించి చూశాడు. అడుగు పొడుగయింది, నడక కుదురుకుంది. చెవిలో పడ్డ తాళం కాలిని లేపుతుందని ఆయన కొలిచి కాగితం మీద పెట్టాడు. చైత్ర పున్నమికి ఇక్కడ బండల మీద ఆ కొలత ఏటా జరుగుతుంది.

గుండ్రంలో డప్పు మెల్లగా మొదలవుతుంది. తాత ఎత్తుకుంటాడు, అందరూ అందుకుంటారు. చిన్నాయన మడమలు నేల మీద ఆడతాయి. తాత కళ్లు మూసుకునే నడిపిస్తాడు, ఎట్లాగూ తెరిచినా అంతే గదా అంటాడు. ఎక్కడ మూలమలుపు ఉందో, ఎక్కడ పోయినేడు చెట్టు కూలిందో, ఏ చెట్టుకు తేనెపట్టు పడుతుందో అన్నీ చెబుతాడు. "ఈడ వంగాలె సారూ, బండ తగుల్తది" అంటాడు. సోషల్ సారు నిజంగానే తల వంచుతాడు. సొరబుర్ర గిలక పిల్లవాడి చేతిలో ఉంది. నీళ్లు వచ్చేచోట ఊపమని ఎవరూ వాడికి చెప్పలేదు. తాత గొంతు సన్నబడగానే వాడు ఊపుతాడు, జలజలా నీళ్లు పడతాయి.

ఒకటి మాత్రం మరువకూడదు. తిరుగు కేక. పాటలో లోపలికి తీసుకుపోయినవాళ్లను పాటలోనే బయటికి తేవాలి. ఈ పనిలో ఆరితేరినవాళ్లు మొదటి పాట, ఆఖరి పాట అని రెండు ముందే కట్టుకుని వస్తారు. గంట అయిందని చెప్పి తాతను లోయ అడుగున వదిలేసి చాపలు చుట్టేవాళ్లు డిగ్రీలున్నా ఈ పనికి పనికిరారు. ఎక్కుడు దారి గనుక డప్పు ఇంకొంచెం నిదానించాలి. ఎత్తుకోవడం, అందుకోవడం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి మూసేలోపల బయటపడ్డాం అని తాత నవ్వేదాకా కొట్టాలి.

తర్వాతి మజిలీ లింగాల మండలం, అవుసలికుంట. దర్శనం మొగులయ్య ఊరు. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని ఊరూరూ తిరిగి పాడిన మనిషి. 2021లో ఒక పెద్ద హీరో సినిమా పాటకు ఆయన గొంతు ఎత్తుగడ అయింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటిదాకా కిన్నెర అనేది ఒకటుందని పట్నానికి గుర్తు లేదు. ఆ వాయిద్యాన్ని దగ్గరగా చూడాలి. వెదురు అడవిది. బుర్రలు పెరటి సొరతీగవి. మెట్లను అతికించే మైనం తేనెపట్టుది, అంటే ఏ కొండచరియకో వేలాడి దింపుకొచ్చిన తేనెది. ఈ నేలను విప్పి మళ్లీ కూర్చి భుజాన వేసుకున్నట్టుంటుంది. దాని మీద పండుగ సాయన్న కథ పలికితే పాలమూరు పల్లెలన్నీ వరసగా తలుపులు తీస్తాయి. దొరల సొమ్ము దోచి పేదలకు పంచినవాడి కథలో ఊరు పేర్లు ఊరికే రావు. ఎక్కడ అన్నం పెట్టారో, ఎక్కడ పట్టిచ్చారో కథకుడు గుర్తుపెట్టుకుంటాడు.

మన గుండ్రంలోకి కిన్నెర రాకపోవచ్చు. వెదురుకర్ర ఒకటి తెచ్చి సుద్దతో పన్నెండు గీతలు గీద్దాం. గీతకొక ఊరు. అచ్చంపేట, బల్మూరు, లింగాల అని మొదలుపెట్టి కొల్లాపూర్ మీదుగా సోమశిల దాకా. ఆ పిల్లవాడి వేలు ఏ గీత మీద ఆగితే ఆ ఊరివాళ్లెవరైనా రాగం తీయాలి. ఊరు ఎరగనివాళ్లు తాళం వేయాలి. మనిషి కళ్లలోకి చూడని పిల్లవాడు మనుషులందరినీ తన వేలితో నడిపిస్తుంటాడు. వెనక్కీ ముందుకీ ఉరికిస్తాడు. లింగాల దగ్గర మరీ మరీ ఆపుతాడు, ఎందుకో చెప్పడు. చెప్పనక్కరలేదు.

బొంబాయి సంగతి మెల్లగా ఎత్తాలి.

పాలమూరు అనగానే దేశమంతటికీ కూలీలు గుర్తొచ్చిన కాలం ఒకటుంది. గుంపు మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టిన బయానాకు కుటుంబాలు కుటుంబాలు మూట కట్టుకుని కదిలాయి. ఎక్కడ ఆనకట్ట లేస్తే అక్కడ, ఎక్కడ రోడ్డు పడితే అక్కడ. ఇంటికి తాళం, ముసలితల్లికి ఇన్ని బియ్యం, చంటిదానికి కంకరకుప్ప పక్కన చీరె ఉయ్యాల. ఈ జిల్లా నుంచి బొంబాయికి నేరుగా ఆర్టీసీ బస్సు నడిచిందంటే ఎంతమంది ఎక్కారో ఊహించుకోవచ్చు. అంతకు చాలా ముందే నిజాం ఇలాకా నుంచి పోయిన మన కామాటీల పేరు మీద ఆ నగరంలో కామాటిపుర అనే పేట వెలిసింది. ఆ పేటకు తర్వాత వచ్చిన పేరు అందరికీ తెలుసు. ఇళ్లు కట్టినవాళ్ల పేరని తెలిసినవాళ్లు తక్కువ.

కాబట్టి ఈ మజిలీలో పాటకు తొందర ఉండకూడదు. వలస పాటలు గాయం పక్కనే కూర్చుంటాయి. నాగర్‌కర్నూల్ దగ్గరి గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న, 'వల్లంకి తాళం' పుస్తకానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తీసుకున్నాయన, ఎండిన వాగు మీద పాట కడితే ఈ సీమలో నవ్వుతూ విన్నవాళ్లు లేరు. వాగు ఎండితేనే బొంబాయి బస్సు నిండేది. వాన ఎంత పడుతుంది, నేల ఎంత పట్టుకుంటుంది, నది ఎంత లోతున పారుతుంది అని భూగోళం పుస్తకం విడివిడిగా చెప్పేది చిన్నాయన నడుములో ఒక్కచోట ఉంది. పాడతావా అని అడగాలి. వద్దంటే వదిలేయాలి. చేయి ఎత్తి ఆపమంటే చరణం మధ్యలోనైనా ఆపాలి. ఏడుపు వస్తే మందు పనిచేసిందని సంబరపడే థెరపిస్టులు ఉంటారు. నాకు వాళ్లంటే భయం.

"బొంబైల ఏం జూసినం? కంకర జూసినం" అంటాడు చిన్నాయన. కాసేపు ఎవరూ మాట్లాడరు. అప్పుడు ఒక చిన్న ఉపాయం. అందరికీ వచ్చిన కోలాటం వరస ఒకటి ఎత్తుకుని, ప్రతి పాదం చివర ఒక మాట మేరకు ఖాళీ వదిలేయాలి. ఖాళీ వస్తుంది, తాళం మాత్రం నడుస్తుంది. మొదటి రెండు ఖాళీలు ఖాళీగానే పోతాయి. మూడోదానిలో ఆయన "దాదరు" అంటాడు. తర్వాత "కుర్లా." ఆ తర్వాత "పన్నెండో అంతస్తు." సారు పటం మీద దాదర్ చూపిస్తాడు, కుర్లా చూపిస్తాడు. పన్నెండో అంతస్తు పటంలో లేదు. దాని మీద ఆయన ఇసుక మోశాడు, అక్కడి నుంచి సముద్రం ఇంత గీతగా కనిపించిందట. ఇందాక కంకర తప్ప ఏమీ చూడలేదన్నాడే! పాటా, నువ్వు వదిలిన ఖాళీలో ఆయన సముద్రాన్ని పెట్టాడు.

లంబాడీ అవ్వ దారి మరీ పొడుగు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని సైన్యాల వెనక, సంతల వెనక దక్కనంతా నడిచిన జాతి. గోర్ మాటల్లో పాటలు, శ్రావణంలో తీజ్. ఆడపిల్లలు వెదురుబుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాడతారు. మా నేలలో పల్లి పండుతుంది, జొన్న పండుతుంది, బుట్టలో మాత్రం గోధుమ. ఎక్కడో ఉత్తరాన, రాజస్థాన్ దిక్కు, వదిలేసి వచ్చిన నేలను ఏటా తొమ్మిది రోజుల పాటు మొలిపించుకుంటారు. అవ్వ ఆ నేలను చూడలేదు, ఆమె అమ్మమ్మా చూడలేదు. పొద్దున తిన్నది అడిగితే తెల్లబోయే మనిషి తీజ్ పాట ఎత్తుకుంటే ఆపలేం. ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పమని ఆమెను వేధించకూడదు. అవ్వ చప్పట్లు కొడుతుంది. పక్కనున్న పెద్దవ్వకు ఆ భాష ముక్క రాదు, అయినా బతుకమ్మ చప్పట్లతో కలిపేస్తుంది. రెండు తాళాలూ ఒకచోట తప్పుతాయి. మళ్లీ దొరుకుతాయి.

పెద్దవ్వ ఊరు ఏ పటంలోనూ లేదు. 1981లో శ్రీశైలం జలాశయం నిండడానికి కొల్లాపూర్, ఆలంపూర్ దిక్కు ఊళ్లను ఖాళీ చేయించారు. గుళ్లను రాయి రాయిగా విప్పి గట్టుకు చేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి అట్లాగే ఆలంపూర్ చేరింది. ఇళ్లను విప్పుకున్నవాళ్లు దూలాలు, తలుపులు బండ్లకెత్తుకున్నారు. చింతచెట్లనూ మోటబావులనూ ఎవరూ ఎత్తుకుపోలేరు గదా. మహాబలేశ్వరంలో పుట్టి భీమను కలుపుకుని, తుంగభద్రను కలుపుకుని వచ్చే కృష్ణ వాటి మీదుగా ఇప్పుడు నిలబడి ఉంది. ఆ నీళ్లతో దీపాలు వెలిగాయి, కాలువలు పారాయి, కాదనను. ఊరు మునిగిన మాటా కాదనను.

పెద్దవ్వ బతుకమ్మ పాడితే ఊరు లేస్తుంది. గౌరమ్మను ఇంటి నుంచి బయల్దేరదీసి చెరువు దాకా తీసుకుపోతుంది. దారిలో ఎవరి వాకిలి, ఎవరి అరుగు, ఏ మలుపులో రావి, ఎక్కడ చేదబావి అన్నీ ఆమె పాటలో వరసగా వస్తాయి. ఇక్కడ పిల్లవాడి చేతికి ముగ్గుపిండి ఇద్దాం. ఆమె పాడుతుంటే వాడు నేల మీద గీస్తాడు. వాకిలికో చతురస్రం, బావికో సున్నా. వాడు తప్పు గీస్తే ఆమె పాట ఆపకుండానే కాలి బొటనవేలితో చెరిపేస్తుంది. "రావిచెట్టు ఇంకింత జరగాలె, బిడ్డా." నాలుగో చరణానికి నేల మీద ఊరు ఒకటి సిద్ధంగా ఉంటుంది. ప్రభుత్వం వాళ్ల పాత సర్వే కాగితాల్లో ఆ ఊరి నంబర్లు ఉండే ఉంటాయి. వాకిట్లో ఎవరు కూర్చునేవాళ్లో వాటిలో ఉండదు. చిన్నాయన లేచి, ముగ్గు తొక్కకుండా, ఆ వీధిలో నడిచి చూస్తాడు. కొందరు దాన్ని చికిత్స అంటారు. పెద్దవ్వ మాత్రం "కాళ్లు కడుక్కొని రాపో, కూసో" అంటుంది.

ఇక సారు. ముప్పై ఏళ్లు పిల్లల చేత నదులు, పర్వతాలు, రాష్ట్రాలు అప్పజెప్పించిన నోరు. ఇప్పుడు "అ... అ..." దగ్గర ఆగిపోతుంది, చెమటలు పడతాయి. ఆయనకు పాట వెతకనక్కర్లేదు. రోజూ ప్రార్థనలో నిలబడి పాడిందే ఉంది. జాతీయగీతం అచ్చంగా భూగోళం పాఠం. రాష్ట్రాలు, కొండలు, నదులు, సముద్రం అన్నీ 52 సెకన్లలో. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదట పాడారు. 1919లో రవీంద్రుడు మదనపల్లె వచ్చి థియొసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడు దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. అక్కడే మార్గరెట్ కజిన్స్ దాని వరసను స్వరాల్లో రాయించి పెట్టింది. అంటే ఈ దేశపు పటాన్ని గొంతులు కలిపి ఎలా పాడాలో తెలుగునేల మీద, ఒక కళాశాలలో కుదురుకుంది. మదనపల్లె వాళ్లు ఇంకాస్త గర్వపడినా తప్పు లేదు.

డప్పు ఆగుతుంది. సారు కుర్చీ చేతులు పట్టుకుని లేస్తాడు. లేవగలిగినవాళ్లంతా లేస్తారు. తాత కర్ర మీద, చిన్నాయన ఒక పక్కకు వంగి. మొదటి మాట అందరితోపాటు వస్తుంది. ఆ తర్వాత ఆయన నోట ఒక్క పేరూ తప్పదు. పంజాబు వస్తుంది, ఉత్కళ వస్తుంది, వింధ్య వస్తుంది, యమున వస్తుంది. ఎన్నాళ్లుగానో నాలుక కొసన చిక్కుకున్న దేశం ఒక్కొక్క ముక్కగా విడుదలవుతుంది. పాట అయిపోగానే ఆయన కూర్చోడు. పటం దగ్గరికి వచ్చి యమున మీద వేలు పెట్టి, రాగం వదలకుండానే, ఆ పేరు మళ్లీ అంటాడు. రాగం కొంచెం తగ్గించి మళ్లీ అంటాడు. మూడోసారికి రాగం లేదు. పేరు ఉంది. పిల్లవాడు ఆ వేలి కింద చూసి, నీలిగీతను చివరిదాకా తన వేలితో గీస్తాడు.

నువ్వు ఇంకా దూరం పోయినదానివి, పాటా. కోరింగ రేవు నుంచి ఓడలెక్కి మారిషస్ చెరకుతోటలకు పోయిన తెలుగువాళ్ల వెంట నువ్వూ పోయావు. మాట కరిగిపోయిన ఇళ్లలో కూడా దీపం చుట్టూ తిరిగే రామభజనగా నిలిచావు. అక్కడి పిల్లలు తెలుగును ముందు నీలోనే వింటారు. బర్మా పోయావు, ఫిజీ పోయావు. అచ్చంపేట గుండ్రంలో ఎవరూ ఓడ ఎక్కలేదు గనుక ఆ కథ ఇంకోసారి.

ఓడ మాట వినగానే లంబాడీ అవ్వ తలెత్తుతుంది. "సముద్రం జూడలే బిడ్డా" అంటుంది. పెద్దవ్వా చూడలేదు. తాత కృష్ణను చూశాడు, అది చాలనుకున్నాడు. చిన్నాయన చూసింది పన్నెండో అంతస్తు నుంచి గీత మాత్రమే. సారు పటం మీద చూపించాడే తప్ప పాదం తడవలేదు. అయితే వచ్చే వారం సముద్రం. ఓట్లు పడ్డాయి, సారు కూడా చెయ్యెత్తాడు.

చిక్కు ఏమిటంటే, ఇంతమందిలో సముద్రం పాట వచ్చినవాళ్లు ఎవరూ లేరు. సినిమా పాటలున్నాయి గానీ, అవి ఒడ్డున నిలబడి పాడేవి. వల లాగే పాట కావాలి, తెడ్డు వేసే పాట కావాలి. ఈ మెట్టలో ఎక్కడ దొరుకుతుంది?

సోమశిలలో దొరుకుతుంది. శ్రీశైలం నీళ్లు వెనక్కి తన్నిన ఆ ఒడ్డున, విశాఖ నుంచీ గోదావరి దిక్కు నుంచీ వచ్చిన జాలర్ల కుటుంబాలు గుడారాలు వేసుకుని కృష్ణలో చేపలు పడుతుంటాయి. సముద్రం మీద కట్టిన పాటలు వాళ్ల వెంట గుట్టలెక్కి వచ్చాయి. కొల్లాపూర్ బస్సెక్కితే అక్కడి నుంచి ఆటో దొరుకుతుంది. రాత్రి వల వేసి పొద్దున తీస్తారు గనుక మధ్యాహ్నం పోతే తీరిక ఉంటుంది. ఒక అన్ననో వదిననో అడిగి, రానుపోను చార్జీ ఇచ్చి, పిలుచుకురావాలి. చిన్నాయన తాను పోతానంటున్నాడు. "చాపలు గూడ తెమ్మను" అంటున్నది పెద్దవ్వ.